పింఛను అందని ఒంటరి అవ్వల లెక్క తేల్చాలంటే శాంపిల్ ఎక్కణ్నుంచి తీయాలి?

ప్రశ్న: కందిచేను

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు, ఒక పరిశోధన సర్వేకి ప్లాన్ వేస్తున్నాను. 60 దాటిన, భర్త పోయిన లేదా భర్త వదిలేసిన ఆడవాళ్లలో అర్హత ఉండీ సామాజిక పింఛను రానివాళ్లు నూటికి ఎంతమంది, ఎందుకు రావడం లేదు అన్నది తేలాలి.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. 15 ఊళ్లు, ఊరికి 20 మంది, మొత్తం 300. గ్రామ సచివాలయంలో పింఛనుదారుల జాబితా తీసుకుని అందులోంచి ఊరికి 12 మందిని లాటరీ పద్ధతిలో ఎంచుకుంటాం. పింఛను రానివాళ్లెవరో ఆ పింఛనుదారులనే అడిగి, ఊరికి 8 మందిని కలుపుకుంటాం. ట్యాబ్‌తో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఇద్దరు ఎన్యూమరేటర్లు, నెలన్నర సమయం.

నా సందేహాలు: 300 సరిపోతుందా? వయసుకి ఆధార్ ఒక్కటే చూస్తే చాలా? జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే ఇబ్బందా? ప్లాన్‌లో ఇంకేమైనా లోపం ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు: లెక్కలమాస్టారు

300 సంగతి తర్వాత. ముందు 12, 8 సంగతి చూడండి. ఊరికి 12 మంది వచ్చేవాళ్లు, 8 మంది రానివాళ్లు అని మీరే ఖాయం చేశాక, రానివాళ్ల శాతం 40 అని సర్వేకి వెళ్లకముందే తేలిపోయింది. 20లో 8. అది ఊరి లెక్క కాదు, మీ ప్లాన్ లెక్క. ఈ పద్ధతిలో 3,000 మందిని కలిసినా శాతం చెప్పలేరు. వచ్చేవాళ్లకీ రానివాళ్లకీ తేడాలేమిటో కొంతవరకు చెప్పగలరు, అంతే.

పింఛనుదారుల జాబితా వేరే ప్రశ్నకు పనికొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, వేలిముద్ర చూసి డబ్బు చెల్లించే స్మార్ట్‌కార్డుల మీద ఆర్థికవేత్తలు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ చేసిన అధ్యయనం గుర్తు తెచ్చుకోండి. ఉపాధి హామీ కూలి, పింఛను డబ్బు దారిలో ఎంత కారిపోతోందన్నది అక్కడి ప్రధాన ప్రశ్నల్లో ఒకటి. దానికి సర్కారు జాబితా పట్టుకుని బయల్దేరి, ఆ పేరు గల మనిషి ఉన్నారా, చేతికి ఎంత అందింది అని చూడటం సరైన దారే. మీ ప్రశ్న దానికి తలకిందులు. జాబితాలో లేని మనిషి మీకు కావాలి. ఆ మనిషిని జాబితాలో వెతికితే దొరకదు.

పింఛను తీసుకునే అవ్వలను అడిగి రానివాళ్లను పట్టుకోవడంలోనూ చిక్కుంది. వాళ్లు తమ వీధివాళ్లనీ, తమ కులంవాళ్లనీ చెప్తారు. ఊరి చివర రేకుల షెడ్డులో ఉండే మనిషి పేరు ఎవరి నోటా రాదు. పింఛను జాబితాలోకి ఆమె ఎందుకు ఎక్కలేదో మీ శాంపిల్లోకీ అందుకే ఎక్కదు. రైస్ కార్డు లేదు, ఇంటి నంబరు లేదు, ఫోను లేదు, తరఫున తిరిగే మనిషి లేదు.

కాబట్టి ఇంటింటి జాబితా మీరే రాసుకోవాలి. ఊరంతా అక్కర్లేదు. ఊరి నమూనా పటం గీసి, సుమారు 150 ఇళ్లకు ఒక ముక్క చొప్పున విడగొట్టి, లాటరీలో ఒక ముక్క తీయండి. ఎస్సీ కాలనీ, తాండా, కొత్తగా వెలసిన గుడిసెలు, పొలాల్లో కాపురాలు అన్నీ ఏదో ఒక ముక్కలో పడ్డాయో లేదో లాటరీకి ముందే చూసుకోవాలి. చావిడి దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపు నడుచుకుంటూ పోతే కాలనీ రాకముందే కోటా నిండిపోతుంది. ఈ ఒక్క తప్పుతో పాడైన సర్వేలకు లెక్కలేదు.

ఈ జాబితా రాసే పనికి, అంటే లిస్టింగ్‌కి, ఫారం ఒక్క పేజీ దాటకూడదు. ఇంట్లో ఎవరెవరు, వయసు, ఆడా మగా, పెళ్లి సంగతి, ఎవరికైనా పింఛను వస్తోందా. అంతవరకే అయితే ఒక మనిషి రోజుకు 60 నుంచి 80 ఇళ్లు చేయగలరు. 150 ఇళ్లంటే దాదాపు 525 మంది. అందులో 60 దాటినవాళ్లు నూటికి 11 మంది, వాళ్లలో సగం పైచిలుకు ఆడవాళ్లు, ఆ ఆడవాళ్లలో సగంమంది భర్త లేనివాళ్లు అనుకుంటే ముక్కకు పదిహేను మంది చిల్లర తేలతారు. అందులోంచి పదిమందిని లాటరీలో తీయండి.

పదిమందే ఎందుకంటే, ఇక ఇప్పుడు 300 సంగతి. ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి. ఊరికి ఎంతమందిని తీస్తే అంత నష్టం. ఆ నష్టం ఎంతో చెప్పే గుణకానికి సూత్రం 1 + (m−1)×ρ. మొత్తం మందిని దీంతో భాగించాలి. m ఊరికి ఎంతమంది, ρ ఊళ్లో జవాబుల పోలిక. రానివాళ్లు 30 శాతం ఉంటారనుకుని, ρ 0.05 వేస్తే:

15 ఊళ్లు × 20 మంది: గుణకం 1.95. మీ 300 మంది నిజానికి 154 మందితో సమానం. తేలే శాతంలో తేడా అటూఇటూ 7.2 శాతం ఉండొచ్చు.

30 ఊళ్లు × 10 మంది: గుణకం 1.45. అదే 300 ఇప్పుడు 207తో సమానం. అటూఇటూ 6.2 శాతం.

కానీ పింఛను విషయంలో 0.05 తక్కువేనని నా అభిప్రాయం. ఊరంతటికీ ఒకే సచివాలయం, ఒకే వెల్ఫేర్ అసిస్టెంట్. ఆయన చురుకైన మనిషైతే ఊరంతా బాగుంటుంది, కాకపోతే ఊరంతా దెబ్బతింటుంది. ρ 0.15 వేసి చూడండి. 15×20కి గుణకం 3.85, అంటే మీ 300 మంది 78 మందికి దిగిపోతారు, అటూఇటూ 10 శాతం. 30×10కి అయితే 128 మంది, అటూఇటూ 8 శాతం. అందుకే ఊళ్లు పెంచి, ఊరికి మనుషుల్ని తగ్గించండి. పదిమంది దొరకని ముక్కలో ఉన్నవాళ్లందరినీ తీసుకోండి. పక్క ముక్క నుంచి అప్పు తెచ్చుకోవద్దు.

ఇద్దరితో 30 ముక్కల లిస్టింగే నెల దాటుతుంది. నలుగురైనా కావాలి.

ఇంకొకటి. ఊళ్లో నాలుగు ముక్కలుంటే ఒకటి తీశారు, ఆ ముక్కలో 16 మంది తేలితే 10 మందిని తీశారు. ఆ పదిమందిలో ఒక్కొక్కరి బరువు, అంటే ఒక్కొక్కరు ఎంతమందికి బదులో ఆ లెక్క, 4 × 1.6 = 6.4. దీన్ని ఊరిని ఎంచుకున్న సంభావ్యతతో మళ్లీ భాగించాలి. ఈ అంకెలు ఆ రోజే నోట్ చేయకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు.

జవాబు: పాతకాగితం

మాస్టారూ, విద్యార్థి ఖర్చుతో 30 ఊళ్లలో లిస్టింగ్ అంటే కష్టమే. ఓటర్ల జాబితా ఉంది కదా. అందరికీ అందుబాటులో ఉంటుంది, పోలింగ్ బూత్‌ల వారీగా వయసు, ఆడా మగా, ఇంటి నంబరుతో సహా. 60 దాటిన ఆడవాళ్లను వేరుచేసి లాటరీ తీస్తే పనైపోతుంది.

జవాబు: లెక్కలమాస్టారు

సగం పనవుతుంది. అందులో తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది గానీ ఆ భర్త బతికి ఉన్నాడా పోయాడా తెలియదు. పోయినవాళ్ల పేర్లు ఏళ్లతరబడి అలాగే ఉంటాయి. పుట్టింటికి తిరిగొచ్చినామె ఓటు అత్తగారి ఊళ్లోనే ఉండిపోతుంది, అలాంటి మనిషే ఇక్కడ మనకు ముఖ్యం. పీడీఎఫ్ బొమ్మల రూపంలో ఉంటే టైపు కొట్టుకోవడమే పెద్ద పని.

అయితే తనిఖీకి మాత్రం బంగారం లాంటిది. లిస్టింగ్ పూర్తయిన సాయంత్రం ఆ ముక్కకు సంబంధించిన ఓటర్ల పేజీలు ముందేసుకుని, 60 దాటిన ఆడవాళ్లలో మన లిస్టులో లేనివాళ్లు ఎవరో చూడండి. చనిపోయారా, వలస వెళ్లారా, లేక మనమే ఆ ఇల్లు వదిలేశామా అని మర్నాడు అడగండి. వదిలేసినవి మూడు నాలుగు తేలితే ఆ ఎన్యూమరేటర్ పనిని మొదటినుంచీ చూడాలి.

జవాబు: తుంగభద్ర_ఒడ్డు

లిస్టింగ్‌లో ‘ఇల్లు’ అంటే ఏమిటో ముందే తేల్చుకోండి. సర్వేల్లో మామూలు నిర్వచనం ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. మన ఊళ్లలో ముసలివాళ్ల విషయంలో ఇది మూడు రకాలుగా తేడా కొడుతుంది.

ఒకటి, కొడుకు ఇంటి వసారాలో అవ్వ వేరే పొయ్యి పెట్టుకుని ఉంటుంది. గుమ్మం దగ్గర కోడల్ని అడిగితే ‘మా అత్త మాతోనే ఉంటుంది’ అంటుంది. అవ్వ ఒంటరి ఇల్లుగా లెక్కలోకి రాదు. ‘ఇంట్లో ఎంతమంది?’ అని కాకుండా ‘ఈ ఆవరణలో పొయ్యిలు ఎన్ని వెలుగుతాయి?’ అని అడగమనండి.

రెండు, వంతులు. ముగ్గురు కొడుకులు, నెలకొకరి దగ్గర తిండి. మీరు వెళ్లిన రోజు ఆమె ఏ ఇంట్లోనూ లెక్కకు రాకపోవచ్చు, రెండు ఇళ్లలో రావచ్చు. నిన్న రాత్రి ఎక్కడ తిన్నారో అక్కడే రాయాలని ఒక్క నియమం పెట్టుకుని, అందరూ దాన్నే పాటించాలి. వంతు పక్క ఊళ్లో నడుస్తుంటే ఆ సంగతి కూడా వేరే గడిలో రాయండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మీ లెక్కలో ఇల్లు వేరు, సచివాలయం లెక్కలో ఇల్లు వేరు. వలంటీర్ల కాలంలో ఎవరు ఏ ఇంటివాళ్లో నమోదు చేసిన హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అవ్వ ఎవరితో కలిసి ఉందో ఆ ఇంటి ఆదాయం, భూమి, కరెంటు బిల్లు ఆమె మీద పడతాయి. కొడుకు ఆదోనిలో చిన్న సర్కారు ఉద్యోగం చేస్తుంటాడు, పదేళ్లుగా ఒక్క రూపాయి పంపడు, మ్యాపింగ్‌లో మాత్రం ఇద్దరూ ఒకటే. ఆమె అనర్హురాలు. అందుకే ప్రశ్నాపత్రంలో ‘ఎవరితో తింటున్నారు’, ‘మ్యాపింగ్‌లో, రైస్ కార్డులో ఎవరితో ఉన్నారు’ అని రెండు వేర్వేరు ప్రశ్నలు ఉండాలి. ఈ రెంటికీ పొంతన లేని కేసులు ఎన్నో లెక్కిస్తే మీ థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

కందిచేను

12, 8 సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు, ధన్యవాదాలు. 30 ఊళ్లకు మారుస్తాను. మరి ‘అర్హత ఉంది’ అని నేనెలా తేల్చాలి? వాళ్లు చెప్పిన మాట మీద ఆధారపడొచ్చా?

జవాబు: నిమ్మతోట

నిబంధన ప్రకారం అర్హత వేరు, కంటికి కనిపించే అవసరం వేరు. రెండూ కొలవండి, ఒకదానిలో ఒకటి కలపకండి.

నిబంధనకు 2019 తర్వాత నవశకం (పథకాలకు అర్హులెవరో తేల్చే సర్కారు సర్వే) నాటి ఆరంచెల పరిశీలనను ఆధారంగా తీసుకోండి. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 లోపు, పట్టణాల్లో 12,000 లోపు. భూమి మాగాణి 3 ఎకరాల లోపు లేదా మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపినా 10 దాటకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. సర్కారు ఉద్యోగి, రిటైరైన పింఛనుదారు ఇంట్లో ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఆదాయపన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం షరతు అదనం. ఫీల్డుకి వెళ్లేనాటికి అమల్లో ఉన్న జీవో దగ్గర పెట్టుకుని ఒక్కో షరతుకి ఒక్కో ప్రశ్న రాయండి. ‘మీకు అర్హత ఉందా?’ అని మాత్రం ఎవర్నీ అడగొద్దు.

భూమిని రెండుసార్లు అడగాలి: సాగులో ఎంత ఉంది, 1బీలో, అంటే రెవెన్యూ భూమి రికార్డులో, ఎంత ఉంది. ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా పోయిన భర్త పేరు మీదే ఉండటం మామూలే. కరెంటు కూడా అంతే. అద్దెకున్నవాళ్ల మీటరో, ఇంకెవరిదో ఈమె ఆధార్‌కి తగులుకుని 300 దాటినట్టు చూపించవచ్చు. బిల్లు కాగితం చూసి సర్వీసు నంబరు ఎవరి పేరు మీద ఉందో రాసుకోండి.

వయసు హద్దు అందరికీ 60 కాదు. వృద్ధాప్య పింఛనుకి ఎస్టీలకు 50. మీ శాంపిల్లో సుగాలి తాండా పడితే 50 నుంచి 59 మధ్య వాళ్లను వదిలేసినట్టవుతుంది. వితంతు పింఛనుకి 60తో పనే లేదు, 18 నిండితే చాలు. ఈమెకు రెండు దారులున్నాయి, ఏ దారిలో అడిగింది, ఏ దారిలో తిరస్కరించారు అన్నది విడిగా రావాలి.

ఆధార్ వయసు ఒక్కటే చాలదు. కార్డు తీసినప్పుడు చాలామందికి నోటిమాట మీద జనవరి 1 పుట్టినరోజుగా పడింది. అందుకే కార్డు వయసు ఒక గడిలో, గుర్తుల మీద కట్టిన వయసు ఇంకో గడిలో. గుర్తులంటే మీ ప్రాంతంవాళ్లకు తెలిసిన సంగతులు: 1972 కరువు, 1975 ఎమర్జెన్సీ, 1983లో రామారావు గెలవడం, ఆ ఏడు కిలో రెండు రూపాయల బియ్యం, 1984లో ఇందిరమ్మ పోవడం, 1985లో మండలాలు రావడం. ‘నీకు ఎన్నేళ్లు?’ అని అడిగితే ‘అరవై ఉంటాయేమో’ అంటారు. ‘అవ్వా, రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటికి నీకు పెళ్లయిందా? పెద్దబిడ్డ చంకలో ఉందా, నడుస్తోందా?’ అని అడగండి. అప్పటికి బిడ్డ నడుస్తుంటే ఆమెకు కనీసం పదహారు పదిహేడు, అంటే 1966, 67 ప్రాంతం లేదా అంతకు ముందు పుట్టింది. హద్దు సరిగ్గా అక్కడే పడుతుంది కాబట్టి ఈ ఒక్క ప్రశ్న చాలా వివాదాలు తీరుస్తుంది.

డేటా చేతికొచ్చాక ఏ వయసులో ఎంతమంది ఉన్నారో ఒక పట్టీ గీయండి. 58, 59 దగ్గర గుంట, 60 దగ్గర గుట్ట కనిపిస్తే మీ ఎన్యూమరేటర్లో, అవ్వలో, ఇద్దరూనో హద్దు చూసి వయసు చెప్తున్నారన్నమాట.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఒడ్డు ఊళ్లలో కాగితాలు కొట్టుకుపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. ‘పత్రం లేదు’ అన్నప్పుడు ఎప్పుడూ లేదా, ఉండి పోయిందా అని విడిగా రాయండి.

‘పింఛను రాదు’ అన్న ఒక్క జవాబులో నాలుగు వేర్వేరు సంగతులుంటాయి: దరఖాస్తే పెట్టలేదు, పెడితే తిరస్కరించారు, మంజూరై వచ్చి మధ్యలో ఆగింది, జాబితాలో ఉంది గానీ ఈ నెల చేతికి రాలేదు. నాలుగింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. చివరిదానికి గత మూడు నెలలూ నెల నెలకీ అడగాలి. ఊళ్లో లేక రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది కాబట్టి ఒక్క నెల అడిగితే తప్పు లెక్క వస్తుంది. వేలిముద్ర పడలేదా, కంటిపాపతో గానీ ముఖంతో గానీ ప్రయత్నించారా, ఎవరూ ఇంటికి రాలేదా అన్నది కూడా ఇక్కడే.

జవాబు: తుంగభద్ర_ఒడ్డు

నిమ్మతోట గారి జాబితాకి ఒక చేర్పు. కదలలేని మనిషి దరఖాస్తు పెట్టలేదంటే కారణం కదలలేకపోవడమే కావచ్చు. ‘మీరు వికలాంగులా?’ అంటే ముసలివాళ్లు కాదనే అంటారు, వయసుతో వచ్చిందంటారు. వైకల్యాన్ని కొలవడానికి వాషింగ్టన్ గ్రూపు తయారుచేసిన ఆరు ప్రశ్నలు వాడండి: చూపు, వినికిడి, నడక లేదా మెట్లెక్కడం, జ్ఞాపకం, స్నానం బట్టలు సొంతంగా చేసుకోవడం, మాట. జవాబులు నాలుగే: ఇబ్బంది లేదు, కొంచెం ఇబ్బంది, చాలా ఇబ్బంది, అస్సలు చేయలేను. ఏ ఒక్కదానిలోనైనా ‘చాలా’ లేదా ‘అస్సలు’ వస్తే లెక్కలోకి తీసుకుంటారు. చూపుకు ‘కళ్లజోడు పెట్టుకున్నా’ అని కలపడం మరవొద్దు. నాలుగు జవాబులూ ప్రతిసారీ చదివి వినిపించాలి. ‘ఉందా లేదా’ అని కుదించే ఎన్యూమరేటర్ వల్ల మొత్తం పాడవుతుంది.

కౌతాళం, కోసిగి వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. ప్రశ్నాపత్రం కన్నడంలో కూడా ముందే రాసి ఉంచండి. గుమ్మం దగ్గర అప్పటికప్పుడు అనువదిస్తే ఇద్దరు ఎన్యూమరేటర్లు రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగినట్టే.

జవాబు: నిమ్మతోట

జనవరి, ఫిబ్రవరి సంగతికి: ఆ నెలల్లో ఆ మండలాల నుంచి జనం మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతారు. ముసలివాళ్లు మనవళ్లను చూసుకుంటూ ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి మీ పనికి నష్టం లేదనిపిస్తుంది. కానీ కొడుకులూ కోడళ్లూ లేని ఆ నెలల్లో ప్రతి అవ్వా ఒంటరిగానే కనిపిస్తుంది. గత ఏడాదిలో ఎన్ని నెలలు ఒంటరిగా వండుకున్నారు అని అడగండి. కొందరు అవ్వలు కూడా కోతలకు వెళ్తారు, వాళ్ల ఇంటికి తాళం. తాళం వేసిన ప్రతి ఇంటినీ పక్కింటివాళ్ల మాట మీద లిస్టులో రాసుకోవాలి, వదలకూడదు.

నెలలో 28 నుంచి 5 వరకు వెళ్లొద్దు. 1వ తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను డబ్బుతో గడపగడపకీ తిరుగుతారు. అదే వారంలో ట్యాబ్ పట్టుకుని వస్తే మిమ్మల్నీ వాళ్లే అనుకుంటారు. పైగా 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన నడిచింది, నోటీసులు వెళ్లాయి. ఇప్పుడు భూమి ఎంత, కరెంటు ఎంత అని ఎవరు అడిగినా ‘కోతపెట్టడానికొచ్చారు’ అనే భయం. భయపడినవాళ్లు భూమి దాస్తారు, ఆశపడినవాళ్లు పింఛనే రావడం లేదంటారు. రెండూ మీ శాతాన్ని వేర్వేరు వైపులకు లాగుతాయి.

ట్యాబ్ మానేసి కాగితం మీద చేయమంటాను. సచివాలయం ఉద్యోగిని, ఊరి పెద్దని వెంటబెట్టుకుని వెళ్లొద్దు. ఆధార్ నంబరు రాసుకోవద్దు, ఫొటో తీయొద్దు. వయసు గడి చూస్తే చాలు, కార్డు తిరిగి ఇచ్చేయండి. సమ్మతికి సంతకం అడిగితే దరఖాస్తు అనుకుంటారు. కాబట్టి నోటి సమ్మతి తీసుకుని, ఎన్యూమరేటర్ సంతకం, పక్కన ఒక సాక్షి ఉండేలా మీ ఎథిక్స్ కమిటీ దగ్గర ముందే అనుమతి పొందండి. చెప్పే మాట ఇంత పొట్టిగా ఉండాలి:

‘అవ్వా, మేము సచివాలయం నుంచి రాలేదు, చదువు పని మీద వచ్చాము. మేము పింఛను ఇప్పించలేము, ఉన్నదాన్ని తీసేయలేము. నీ పేరు ఎవరికీ చెప్పము. ఇష్టం లేకపోతే చెప్పొద్దు, మధ్యలో చాలనిపిస్తే ఆపెయ్.’

తర్వాత ‘మేమెందుకొచ్చామో నువ్వు చెప్పు’ అని అడగండి. ‘పింఛను రాయడానికి’ అంటే మళ్లీ మొదటినుంచి చెప్పాలి. కోడలు పక్కనే నిలబడి జవాబులు చెప్తుంటే, పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్న ఆ రోజు అడగొద్దు. ఇంకోసారి వెళ్లండి.

కందిచేను

కాగితం మీద చేస్తే డేటా ఎంట్రీ తప్పులు ఎక్కువ రావా?

జవాబు: లెక్కలమాస్టారు

వస్తాయి. 300 ఫారాలే కాబట్టి ఇద్దరు విడివిడిగా ఎంట్రీ చేసి, రెండు ఫైళ్లూ పోల్చి, తేడా వచ్చిన గడికి మళ్లీ కాగితం తీసి చూడండి. ఎంట్రీ ఏ రోజు ఫారాలు ఆ రాత్రే జరగాలి. ఎస్టీ కాని ఇళ్లలో 60కి లోపల వయసు రాసి, వృద్ధాప్య పింఛను వస్తోందని రాసిన ఫారాలు తేలితే మర్నాడు పొద్దున్నే తిరిగి వెళ్లి అడగాలి. ఊరు దాటాక దిద్దడం కుదరదు.